పాత కంప్యూటరు, కొత్త తాళం

మా ఇంట్లో ఒక పెంటియం త్రీ కంప్యూటరుంది. అందులో విండోస్ 98. ఒకప్పుడు తెల్లగా ఉండే డబ్బా ఇప్పుడు పాత పేపరు రంగుకి తిరిగింది. ఏడాదికి రెండు మూడుసార్లు దుమ్ము దులిపి స్విచ్ వేస్తాను. వేసిన ప్రతిసారీ ఇవాళ 1980 జనవరి 1 అంటుంది. మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు తీస్తే అది కాలం మర్చిపోతుంది. తేదీ సరిచేసి, రూటర్ దగ్గర్నుంచి తీగ లాగి వెనక గుచ్చి, బ్రౌజర్ తెరిచి ఏ వార్తల సైటు అడ్రసు కొట్టినా "పేజీ చూపించలేను" అని తెల్లతెర వేస్తుంది. బ్యాంకుకీ అదే జవాబు, రైలు టిక్కెట్లకీ అదే, వికీపీడియాకీ అదే. అదే మిషన్లో ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్‌సైటు, ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్, టక్కున తెరుచుకుంటుంది.

చూసినవాళ్లు "పాపం ముసలిదైపోయింది, ఇప్పటి పేజీల బరువు మొయ్యలేదు" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బరువు సంగతి అబద్ధం కాదు. కానీ వ్యవహారం బరువు దాకా వెళ్తేగా! గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఆ గుమ్మానికి తాళం పడింది మొన్నమొన్ననే. అంతకుముందు ఇరవయ్యేళ్ల పైచిలుకు, విసుక్కుంటూనో సణుక్కుంటూనో, వెబ్ పాత మిషన్లను లోపలికి రానిస్తూనే ఉంది.

1990 చివర్లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా పక్కనున్న సెర్న్‌లో మొదటి బ్రౌజర్ రాసింది నెక్స్ట్ కంప్యూటరు మీద. బ్రౌజర్ పేరే వరల్డ్‌వైడ్‌వెబ్. మొదటి సర్వర్ కూడా ఆ కంప్యూటరే. ఇంటికెళ్తూ ఎవరైనా అలవాటు కొద్దీ ఆపేస్తారేమోనన్న భయంతో, ఇది సర్వరు, ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసి దానికి చీటీ అంటించారు. నెక్స్ట్ ముచ్చటైన మిషనే గానీ ఖరీదైనది, సెర్న్‌లోనే అందరి దగ్గరా లేదు. మిగతావాళ్ల బల్లల మీద రకరకాల కంపెనీల మిషన్లు, కొన్నిచోట్ల అక్షరాలు తప్ప ఇంకేమీ చూపలేని టెర్మినళ్లు. వాళ్లందరికీ అందాలంటే ఇంకో బ్రౌజర్ కావాలి. ఆ పని నికోలా పెలో అనే విద్యార్థినికి అప్పజెప్పారు. 1991లో ఆమె చేతుల మీదుగా వచ్చిన లైన్ మోడ్ బ్రౌజర్‌లో బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌస్‌తో పనే లేదు. లింకు పక్కన బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. 3 కొట్టి ఎంటర్ నొక్కితే మూడో లింకు తెరుచుకుంటుంది. అంటే కొత్త మిషన్ మీద మొదటి బ్రౌజర్ పుట్టీ పుట్టగానే, పాత మిషన్ల కోసం రెండోది తయారైంది. వెబ్ పుట్టుకలోనే ఈ ఆలోచన ఉందన్నమాట.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఇంకో పెద్దమనిషి తరహా నియమం ఉంది. తెలియని ట్యాగు ఎదురైతే బ్రౌజర్ కంగారు పడకూడదు. దాన్ని వదిలేసి, మధ్యలో ఉన్న మాటల్ని మాత్రం చూపించాలి. పెళ్లిలో పురోహితుడి మంత్రం అర్థం కాకపోయినా అక్షింతలు వేసేసినట్టు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా కలిసి 1993లో మొజాయిక్ తెచ్చి పేజీ మధ్యలో బొమ్మ పెట్టినప్పుడు, బొమ్మ చూపలేని బ్రౌజర్లు దాన్ని దాటేసి కింది పేరా చదువుకుంటూ పోయాయి. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

మన దగ్గర ఆ నియమం ఎందరికి అన్నం పెట్టిందో తల్చుకోవాలి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, బొమ్మలు కనిపించే రకం కనెక్షన్ ఏడాదికి 15,000 రూపాయలు. దాని వేగం 9.6 కేబీపీఎస్. అంత పెట్టుకోలేనివాళ్లకి షెల్ అకౌంటని ఒకటుండేది, నల్లతెర మీద అక్షరాలు మాత్రమే. ఆ నల్లతెర మీద వెబ్ చూడాలంటే లింక్స్. 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన అక్షరాల బ్రౌజర్ అది. పోస్టుగ్రాడ్యుయేట్ సీటు కోసం అమెరికా యూనివర్సిటీల పేజీలు వెతుక్కున్న ఆనాటి మన కుర్రాళ్లలో చాలామంది ఆ క్యాంపస్ ఫొటోలు చూడకుండానే దరఖాస్తులు పెట్టారు. ఫొటో ఉండాల్సిన చోట చదరపు బ్రాకెట్లో "ఇమేజ్" అన్న మాట కనిపించేది. లింక్స్ ఇవాళ్టికీ బతికే ఉంది, ఇవాళ్టికీ మార్పులు చేర్పులు జరుగుతూనే ఉన్నాయి.

తర్వాతి ఐదారేళ్ల బ్రౌజర్ల యుద్ధం, దాని రణగొణధ్వని చాలామందికి తెలిసిందే. 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్, 1995 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఒకరు ఒక ట్యాగు కనిపెడితే ఇంకొకరు ఇంకోటి. ప్రతి పేజీ అడుగునా "ఈ సైటు ఫలానా బ్రౌజర్‌లో, 800 బై 600లో చూస్తే బాగుంటుంది" అని బోర్డు. ఈ బోర్డుల మీద చిరాకుతో "ఏ బ్రౌజర్‌లోనైనా చూడొచ్చు" అనే పోటీ బిళ్లను తమ పేజీలకు తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్లంటే ఇప్పటికీ గౌరవం.

చిత్రమేమిటంటే ఆ యుద్ధం మధ్యలోనూ పేజీలు రాసేవాళ్లు పాతవాళ్లను మర్చిపోలేదు. 1995లో జావాస్క్రిప్ట్ వచ్చింది. దాన్ని ఎరుగని బ్రౌజర్ ఆ ప్రోగ్రామునంతా మామూలు రాత అనుకుని తెర నిండా పరిచేస్తుంది. అందుకని ప్రోగ్రాము ముందొక ఆశ్చర్యార్థకమూ రెండు అడ్డగీతలూ పెట్టి, అదంతా పక్కన రాసుకున్న నోటు అని పాత బ్రౌజర్‌ని నమ్మించేవాళ్లు. కొత్తది ఆ ముసుగు తీసి లోపలున్న ప్రోగ్రామును నడుపుకునేది. నెట్‌స్కేప్ 4కి స్టైల్‌షీట్లు సగం సగమే వచ్చు, ఎక్కువిస్తే పేజీని చిందరవందర చేసేది. దానికి అర్థం కాని ఒక పద్ధతిలో స్టైల్‌షీటును తెప్పిస్తే, దాని జోలికి పోకుండా సాదా పేజీ చూపించి ఊరుకునేది. చంటిపిల్లకు అందకుండా ఊరగాయ జాడీని పై అరలో పెట్టినట్టు. ఇలాంటి కిటుకులు పేజీలు రాసేవాళ్ల నోళ్లలో నానుతుండేవి.

గుమ్మం దగ్గరే ఆగిపోవడమన్నది మొదట జరిగింది కూడా ఆ రోజుల్లోనే, కానీ దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. తొలి బ్రౌజర్లు సర్వర్‌ని పిలిచి "ఫలానా పేజీ ఇవ్వు" అని మాత్రమే అడిగేవి, ఏ సైటు నుంచి అన్నది చెప్పేవి కావు. ఒక్కో సర్వర్ అడ్రసులో ఒక్కో సైటే కాపురముండే రోజుల్లో చెప్పాల్సిన అవసరమూ లేదు. సైట్లు పెరిగి ఒకే అడ్రసులో వంద వాటాలు పడ్డాక, ఎవరింటికొచ్చావో చెప్పకపోతే వాచ్‌మన్ ఏం చేస్తాడు? 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ఆ పేరు చెప్పడాన్ని తప్పనిసరి చేసింది. తొలినాటి మొజాయిక్ ఇవాళ తాళం లేని సైటుకి వెళ్లినా చాలాచోట్ల తప్పుడు వాటా తలుపే తడుతుంది. ఈ వాటాల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 గెలిచి కూర్చుని, ఐదేళ్లు కదల్లేదు. పాత మిషన్ల దృష్టితో చూస్తే అది స్వర్ణయుగమే! పోటీ లేదు గనుక వెబ్ కూడా కదల్లేదు. కొన్న కంప్యూటరు కొన్నట్టే పనిచేసింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ఆ ఏడాదే జీమెయిల్, మరుసటి ఏడాది గూగుల్ మ్యాప్స్ వచ్చి, పేజీ అంటే చదివేది మాత్రమే కాదు, నడిచే ప్రోగ్రామని చూపించాయి. చివరికి ఎక్స్‌ప్లోరర్ 6 మీద జనానికి ఎంత కసి పెరిగిందంటే, 2010 మార్చిలో అమెరికాలోని డెన్వర్‌లో ఒక డిజైన్ సంస్థ శవపేటిక పెట్టి దానికి అంత్యక్రియలు చేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్లు పూలు పంపించారు.

ఇక బరువు. 1993లో వచ్చిన డూమ్ ఆట, శబ్దాలతో రాక్షసులతో సహా, రెండు ఎంబీల చిల్లర. 2016కల్లా సగటు వెబ్ పేజీ కూడా అంతకి చేరింది. ఆ పేజీలో ఉండేది ఒక వార్త, దాని చుట్టూ పదిమంది మన వెంట పడటానికి పెట్టుకున్న స్క్రిప్టులు. 64 ఎంబీల మెమరీ ఉన్న మిషన్ దీన్ని ఈడ్వలేదనడంలో సందేహం లేదు. అయినా ఈడ్వలేకపోవడం వేరు, రానివ్వకపోవడం వేరు. బొమ్మలు ఆపేసి, స్క్రిప్టు ఆపేసి, ఐదు నిమిషాలు ఆగి, వంకరటింకరగా వచ్చిన పేజీలో కావలసిన పేరా చదువుకోవచ్చు. 2012 ప్రాంతంలో ఇదే పెంటియంలో నేను క్రికెట్ స్కోరు చూశాను. కుడిపక్కన రావాల్సిన పట్టిక ఎక్కడో కిందికి జారిపోయింది గానీ అంకెలు కనబడ్డాయి.

ఇప్పుడు తాళం కథ. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

క్రెడిట్ కార్డు నంబరు దారిలో ఎవరి కంటా పడకుండా పంపడానికి నెట్‌స్కేప్ కంపెనీ ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి కనిపెట్టింది. మొదటి రూపంలో లోపాలుండటంతో దాన్ని బయటికే వదల్లేదు. రెండోది 1995లో, మూడోది 1996లో వచ్చాయి. గట్టి తాళాన్ని ఆయుధంతో సమానంగా చూసే అమెరికా ప్రభుత్వం దాన్ని దేశం దాటనివ్వలేదు. అందుకని ఒకే బ్రౌజర్‌ని రెండు రకాలుగా చేసేవాళ్లు. స్వదేశీయులకు 128 బిట్ల తాళం, మనబోటి వాళ్లకు 40 బిట్లది. 1995 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఒక పరిశోధకుడు ఆ 40 బిట్ల తాళాన్ని ఎనిమిది రోజుల్లో తెరిచి చూపించాడు. 2000 జనవరిలో ఆ ఎగుమతి ఆంక్షలు సడలే దాకా మన దాకా వచ్చింది ఆ బొమ్మ తాళమే. 1999లో ఎస్ఎస్ఎల్ పేరు టీఎల్ఎస్‌గా మారింది. 2006లో 1.1, 2008లో 1.2, 2018లో 1.3.

ఏళ్ల తరబడి ఈ తాళం డబ్బు దగ్గరా పాస్‌వర్డు దగ్గరా మాత్రమే ఉండేది. వార్తలకీ కథలకీ క్రికెట్ స్కోరుకీ ఎవరూ తాళం వెయ్యలేదు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాలతో, ప్రభుత్వాలు తీగల మీద కూర్చుని అందరి రాకపోకలూ వింటున్నాయని తేలింది. చదివే పేజీ కూడా ఎవరి కంటా పడకూడదన్న పట్టుదల అప్పుడు పెరిగింది. 2015 జూన్‌లో వికీపీడియా అన్ని పేజీలకీ తాళం వేసింది. ఆ ఏడాది చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తాళానికి కావలసిన గుర్తింపు సర్టిఫికెట్లను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. అంతదాకా డబ్బు పోసి కొనాల్సిన తాళం చిన్నాచితకా సైట్లకూ అందుబాటులోకొచ్చింది. 2018 జులైలో క్రోమ్ తాళం లేని ప్రతి సైటు పేరు పక్కనా "సురక్షితం కాదు" అని రాయడం మొదలెట్టింది. ఊళ్లో అన్ని ఇళ్లకీ తాళాలు పడ్డాయి.

పాత బ్రౌజర్‌కి కూడా తాళం వెయ్యడం తీయడం వచ్చు కదా, మరి చిక్కేమిటి? రెండు మిషన్లు మాట కలిపేటప్పుడు ముందు బ్రౌజర్ తనకొచ్చిన తాళాల జాబితా చదువుతుంది. సర్వర్ తన జాబితాతో పోల్చి, ఇద్దరికీ వచ్చినదాన్ని ఎంచుతుంది. ఉమ్మడిగా ఒక్కటీ లేకపోతే పలకరింపులతోనే సంభాషణ ముగుస్తుంది. నా విండోస్ 98కి ఇప్పటి సర్వర్ దగ్గర దొరికే జవాబు అదే.

మరి సర్వర్లు పాత తాళాన్ని కూడా జాబితాలో ఓ మూల ఉంచుకోవచ్చు కదా? 2014 దాకా ఉంచుకున్నాయి కూడా. ఆ అక్టోబరులో పూడుల్ అనే దాడి బయటపడింది. దొంగ మధ్యలో నిలబడి కొత్త తాళం మాట పలికినప్పుడల్లా లైను చెడగొడతాడు. బ్రౌజరూ సర్వరూ "అవతలివాడు పాతవాడేమోలే" అనుకుని ఒక్కో మెట్టూ దిగి 1996 నాటి ఎస్ఎస్ఎల్ 3 దగ్గరికొస్తాయి. అక్కడ దొంగకి కావలసిన కన్నం ఉంది. అంటే ముసలివాళ్ల కోసం తీసి ఉంచిన పక్కవాకిలే దొంగకి దారయింది. ట్యాగుల విషయంలో ఇరవయ్యేళ్లు వెబ్‌ని నిలబెట్టిన మర్యాద, తాళం దగ్గరికొచ్చేసరికి ప్రమాదమైంది. ఆ తర్వాత పక్కవాకిళ్లన్నీ వరసగా మూతపడ్డాయి. 2015లో ఎస్ఎస్ఎల్ 3ని అధికారికంగా వెలేశారు. 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ టీఎల్ఎస్ 1.0, 1.1లను ఆపేశాయి.

వాటాల చిక్కు మళ్లీ వచ్చింది. తాళం తీశాకే ఎవరింటికొచ్చావో చెప్పడం పాత పద్ధతి. కానీ ఎవరి వాటాయో తెలియకుండా ఎవరి తాళం తియ్యాలి? అందుకని పేరు ముందే, తాళానికి బయటే చెప్పే ఏర్పాటు 2003లో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అది చివరిదాకా రాలేదు. ఇంకోటి, ఎవరి సర్టిఫికెట్ నమ్మాలో చెప్పే మూల సర్టిఫికెట్ల జాబితా మిషన్లోనే ఉంటుంది, వాటికీ గడువుంటుంది. 2000లో పుట్టిన అలాంటి మూల సర్టిఫికెట్ ఒకటి 2021 సెప్టెంబరు 30న కాలం చేసింది. ఆ రోజు దాకా బాగానే ఉన్న ఎన్నో పాత ఫోన్లూ కంప్యూటర్లూ మర్నాడు పొద్దున సగం వెబ్‌కి దూరమయ్యాయి. ఇక నా మిషన్ లాగా ఇవాళ 1980 అనుకునేవాటి సంగతి చెప్పనక్కర్లేదు. దాని లెక్కలో ఏ సర్టిఫికెట్టూ ఇంకా పుట్టనే లేదు.

ఈ తాళం వెయ్యడం తప్పని నేననను. తాళం లేని రోజుల్లో కొన్ని కనెక్షన్ల మీద మనం చూసే పేజీలోకి మధ్యవాళ్లు ప్రకటనలు దూర్చేవాళ్లు. రోగం పేరు వెతికితే అది దారిలో ఎవరైనా చదవొచ్చు. నాకున్న ఫిర్యాదల్లా చిన్నది. ఒక దేవాలయ శాసనం మీద వ్యాసం, ఒక గ్రంథాలయం పుస్తకాల పట్టిక, ఇలా చదువుకోవడమే తప్ప రాసేది అడిగేది ఏమీ లేని పేజీలకు, తాళమున్న తలుపుతో పాటు లేని తలుపు కూడా ఉంచే వీలుంది. సెర్న్ వాళ్లు తమ తొలి సైటుకి తాళం లేని తలుపు ఉంచారు. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆ ఆలోచన రాలేదు. ఇక ఈమధ్య జరిగినవి వేరు. జీమెయిల్ తన సాదా పేజీ రూపాన్ని 2024లో తీసేసింది. గూగుల్ వెతుకులాట 2025 జనవరి నుంచి జావాస్క్రిప్ట్ లేనివాళ్లకు జవాబివ్వడం మానేసింది. లింక్స్‌కి కొత్త తాళాలు వచ్చు, అయినా దానికీ జవాబు లేదు. కనుక ఇది తాళం గొడవ కాదు, మొదట చెప్పిన పెద్దమనిషి నియమానికే మంగళం పాడటం.

తలుపులు మూసుకున్నాక పాత మిషన్ల ప్రేమికులు ఊరుకున్నారా? ఊరుకుంటే ఈ వ్యాసమే లేదు.

మొండిపట్టుదల గలవాళ్లు మిషన్‌కే కొత్త తాళం నేర్పించారు. ఆపిల్ కంపెనీ 2006లో ఇంటెల్ చిప్పులకి మారాక, పవర్‌పీసీ మ్యాక్‌లు అనాథలయ్యాయి. ఫైర్‌ఫాక్స్ 4 వాటిని వదిలేసింది. కామెరాన్ కైజర్ అనే ఆయన 2010లో ఫైర్‌ఫాక్స్‌ని వాటికోసం మలిచి టెన్‌ఫోర్‌ఫాక్స్ అని పేరుపెట్టి, 2021 దాకా పదకొండేళ్లు నడిపాడు. అంతకన్నా పాతదైన మ్యాక్ ఓఎస్ 9కి క్లాసిల్లా అని ఇంకోటి. అంతటితో ఆగక, మరీ పాత యూనిక్స్ మిషన్లకు కూడా ఇప్పటి టీఎల్ఎస్ అబ్బేలా క్రిప్టో ఆన్సియెన్ అనే లైబ్రరీ రాశాడు. తాళం లెక్కలు పాత చిప్పులకి మహా కష్టం. ముప్పై ఏళ్ల నాటి ప్రాసెసర్ ఆ పెద్ద పెద్ద అంకెల్ని గుణించి తేల్చేలోపు అవతలి సర్వర్ విసుగెత్తి ఫోను పెట్టేసిన సందర్భాలున్నాయి.

అన్నిటికన్నా పెద్ద సాహసం స్వీడన్‌లో జరిగింది. ఆడమ్ డంకెల్స్ 2003లో విడుదల చేసిన కాంటికి, 1982 నాటి కామడోర్ 64 మీద కిటికీలతో, అక్షరాల బ్రౌజర్‌తో సహా నడిచింది. ఆ మిషన్ వేగం ఒక మెగాహెర్ట్జ్, మెమరీ 64 కేబీలు. ఇవాళ ఒక ఫోన్ ఫొటోలో చిన్న ముక్కంతే అది. పిచ్చి సరదాగా మొదలైన ఆ కాంటికీయే తర్వాత చిట్టి చిట్టి సెన్సర్లకు ఆపరేటింగ్ సిస్టమ్‌గా పనికొచ్చింది. ఇల్లు చిన్నదైతే సంసారం సర్దుకోవడం వస్తుంది మరి.

రెండో దారి దుబాసీది. పాత మిషన్‌కి కొత్త భాష నేర్పే శ్రమ ఎందుకు? ఇద్దరికీ మధ్య రెండు భాషలూ వచ్చినవాణ్ణి కూర్చోబెడితే చాలు. కంపెనీ దొరలకీ మన వర్తకులకీ మధ్య దుబాసీ చేసిన పనే ఇది. 2013లో ఒక అమెరికన్ ప్రోగ్రామర్ 1986 నాటి మ్యాకింతోష్ ప్లస్‌ని ఇలాగే వెబ్ ఎక్కించాడు. దాని ప్రాసెసర్ 8 మెగాహెర్ట్జ్, మెమరీ 4 ఎంబీ, నెట్‌వర్క్ తీగ గుచ్చడానికి కన్నమే లేదు. పక్కన అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై పెట్టాడు. అసలు పేజీ తెచ్చేది అదే, తాళాలూ స్క్రిప్టులూ స్టైళ్లూ ఒలిచేసి మాటలు మాత్రం సీరియల్ తీగ గుండా మ్యాక్‌కి అందించేదీ అదే. నిమిషాలు నిమిషాలు గడిచాక నలుపు తెలుపు తెర మీద వికీపీడియా వచ్చింది.

దుబాసీల్లో నాకు బాగా నచ్చినది వెబ్ రెండరింగ్ ప్రాక్సీ. ఇది పేజీని ఒలవదు. ఇప్పటి బ్రౌజర్‌తో పేజీని ముచ్చటగా గీయించి, మొత్తాన్ని ఒకే ఒక్క గిఫ్ బొమ్మగా మార్చి పాత మిషన్‌కి పంపుతుంది. బొమ్మ సరే, అందులో లింకులు నొక్కేదెలా? దానికో పాత కిటుకుంది. బొమ్మ మీద ఎక్కడ నొక్కినా ఆ చోటు అడ్డం ఎంత, నిలువు ఎంత అన్న రెండంకెల్ని సర్వర్‌కి చెప్పే ట్యాగొకటి తొలినాళ్ల నుంచీ ఉంది. పటం మీద ఊరు చూపించడానికి వాడేవాళ్లు. ప్రాక్సీ ఆ రెండంకెలు తీసుకుని అసలు పేజీలో అదే చోట నొక్కి, వచ్చిన కొత్త పేజీని మళ్లీ ఫొటో తీసి పంపుతుంది. మొజాయిక్ యుగపు బ్రౌజర్‌లో నేటి సైట్లు కదులుతుంటే చూడటం ఒక వింత. కదలడమంటే, ఫొటో వెనక ఫొటో.

2021లో వచ్చిన ఫ్రాగ్‌ఫైండ్ అనే వెతుకులాట సైటు ఈ పనే బయట నుంచి చేసిపెడుతుంది. మన ఇంట్లో ప్రాక్సీ అక్కర్లేదు. తాళం లేని తలుపులోంచి వచ్చి ఏదైనా అడిగితే, ఫలితాలు తెచ్చి, నొక్కిన పేజీలోంచి వ్యాసం మాత్రం పీకి సాదాగా చేతిలో పెడుతుంది. నా పెంటియంలో హోమ్ పేజీ అదే. వర్తమానాన్ని వదిలేసి వెనక్కి వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2001లో జనానికి తెరుచుకున్న వేబ్యాక్ మెషీన్ భద్రపరిచిన పేజీల్ని పాత బ్రౌజర్లకు వడ్డించే ప్రాక్సీలున్నాయి. తేదీ 1999 అని పెట్టుకుంటే నెట్‌స్కేప్‌కి ఆనాటి వెబ్బే కనిపిస్తుంది. అక్కడక్కడ బొమ్మలు రావు, ఫారాలు పనిచెయ్యవు. మ్యూజియంలో అంతే.

ఈ దుబాసీ విద్య మనకేమీ కొత్త కాదు. 2006 జనవరిలో ప్రపంచమంతటికీ విడుదలైన ఓపెరా మినీ ఇదే. అడిగిన పేజీని నార్వే కంపెనీ సర్వర్లు తెరిచి, నలిపి, చిన్న మూట కట్టి జావా ఫోనుకి పంపేవి. పల్లెల్లో, టౌన్లలో మొదటిసారి వెబ్ చూసిన లక్షలమంది చూసింది సర్వర్ వండి పంపిన వంటకాన్నే. ఆ ఫోన్లకి తెలుగు రాదు, గడులు గడులుగా కనిపించేది. అడ్రసు చోట ఓపెరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, కిందికి జరిగి, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే చోట "ఎస్" పెడితే, సర్వర్ తెలుగును కూడా బొమ్మలుగా గీసి పంపేది. ఈ మంత్రం ఒకరి నుంచి ఒకరికి చెవిలో ఉపదేశంలా పాకింది. నోకియా ఫోన్లో మొదటి తెలుగు బ్లాగు చదివిన రోజు, ఆ అక్షరాల అంచులు పంటికొసల్లా ఉన్నా, నాకు కలిగిన సంబరం అంతా ఇంతా కాదు.

తెలుగు దగ్గరికొచ్చాం గనుక నా పెంటియం ఎందుకుంచుకున్నానో చెప్పాలి. అందులో తెలుగు వికీపీడియా ఎలాగోలా తెప్పించినా గడులే. కొత్త తెలుగు దానికి రాదు. కానీ పాత తెలుగు నా ల్యాప్‌టాప్‌కి రాదు.

అన్ని లిపుల ఉమ్మడి సంకేతాల పట్టిక యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి చోటు దొరికినా, దాన్ని సరిగ్గా చూపించే సత్తా ఇంటి కంప్యూటర్లకి వచ్చింది గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకనే. అంతదాకా పత్రికలు ఆగలేదు. ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లో తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్ది ఎవరి ఫాంటు వాళ్లు చేసుకున్నారు. ఈనాడుది ఒక అమరిక, వార్తది ఇంకో అమరిక. ఒకరి "క" ఇంకొకరి దగ్గర ఇంకేదో. చదివేవాళ్లు ఫాంటు దింపుకోనక్కర్లేకుండా, పేజీతో పాటే ఫాంటు వచ్చి వాలే ఏర్పాటు 1997లో బ్రౌజర్లకు వచ్చింది, నెట్‌స్కేప్ 4ది ఒక పద్ధతి, ఎక్స్‌ప్లోరర్ 4ది మరో పద్ధతి. దాన్నే డైనమిక్ ఫాంట్ అనేవాళ్లం. న్యూజెర్సీలోనో మస్కట్‌లోనో ఉన్న తెలుగువాళ్లు తెల్లారగానే ఊరి వార్తలు చదవగలిగింది ఆ ఏర్పాటు వల్లే. నెట్‌స్కేప్ 6 వచ్చేసరికి అది పోయింది. ఎక్స్‌ప్లోరర్ పద్ధతి ఎక్స్‌ప్లోరర్‌తోనే పోయింది. ఆ ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్‌కి వచ్చి చాలామందిని ఆదుకుంది. దానికి తెలిసిన ఫాంట్లకే అది పనికొస్తుంది.

2001లో నేనొక ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ముప్పై రూపాయలిచ్చి, ఒక పత్రిక ఆదివారం కథని ఫ్లాపీలోకి దింపుకున్నాను. ఆ పత్రికా ఇప్పుడు లేదు, ఆ ఫాంటు పద్మకీ తెలియదు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో పౌండు గుర్తు. పెంటియంలో ఫాంట్ల ఫోల్డరులో ఆ ఫాంటు ఇంకా ఉంది. అక్కడ తెరిస్తే శుభ్రంగా తెలుగు. "క్ష" వచ్చినచోట ఒత్తు ఒక పిసరు పక్కకి జరిగి ఉంటుంది, అంతే.

ఫాంటులో ఏ గదిలో ఏ ముక్క ఉందో పట్టిక రాయడానికి కూర్చున్నాను గానీ, రెండు వందల గదులకి ఓపిక చాల్లేదు. అందుకని బల్ల మీద రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాను. ఎడమపక్క పెంటియంలో చదవడం, కుడిపక్క ల్యాప్‌టాప్‌లో టైపు చెయ్యడం. రోజుకి రెండు పేరాలు. ఇంకా పదకొండున్నాయి.